స్తంభం మీది తేనెరంగు

కళ్ళద్దాలాయనకి వ్యసనాలేం లేవని వీధంతా నమ్మేది, ఆయన భార్య తప్ప. పేక ముట్టడు, పొగ తాగడు, గట్టిగా తుమ్మను కూడా తుమ్మడు. కాకపోతే కరెంటు స్తంభాల మీద తీగల కింద బోర్లించే గాజుకప్పులుంటాయే, అవి పోగుచేస్తాడు. పింగాణీవి వచ్చాక గాజువన్నీ తుక్కు కొట్లకి చేరాయి. అక్కణ్ణించి ఈయనింటికి చేరాయి. కిటికీ గట్టు మీద ఆకుపచ్చవి, బీరువా మీద నీలివి, ఫ్రిజ్ మీద ఏ రంగో చెప్పలేనివి.

“ఇది ఇల్లా, సబ్‌స్టేషనా?” అని ఆవిడ పెళ్ళైన కొత్తలో అడిగేది. తర్వాత అడగడం మానేసి, వాటి చుట్టూ తుడవడం నేర్చుకుంది.

ఆవిడకి వీధి మలుపులో పిండిమర ఉంది. దానికెదురుగా ఆయన కళ్ళద్దాల దుకాణం. పగలంతా అద్దాలు అరగదీసి, వెలుతురుకి ఎత్తిపట్టి చూడటం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి గాజుకప్పుల్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూడటం ఆయన విశ్రాంతి. రెంటికీ తేడా ఏమిటో ఆవిడకి అర్థం కాలేదు. ఆయనా చెప్పలేకపోయాడు.

పిండిమర ముందున్న స్తంభానికి అన్నీ తెల్ల పింగాణీ కప్పులే, ఒక్కటి తప్ప. ఏ కాలంలో ఏ లైన్‌మ్యాన్ చేతికందింది బిగించేశాడో గానీ, చివరన ఒక గాజుకప్పు ఉండిపోయింది. తేనెరంగు. పొద్దుటెండ పడితే లోపలెవరో దీపం పెట్టినట్టుండేది. ఆ రంగు ఆయన దగ్గర లేదు. రోజూ దుకాణం తాళం తీసి, తాళం చేత్తో పట్టుకునే కాసేపు పైకి చూసేవాడు. చూసినవాళ్ళు భక్తి అనుకునేవారు.

ఒకనాడు నీళ్ళు నములుతూ లైన్‌మ్యాన్‌ని అడిగాడు.

“అది దించి ఇస్తావా బాబూ?”

“భలేవారు సార్! పైనుంటే సర్కారుది. కిందికొస్తే తుక్కు. తుక్కయ్యాక నేనే తెచ్చిస్తా.”

“మరి ఎప్పుడవుతుంది తుక్కు?”

“లైను మార్చినప్పుడు.”

“ఎప్పుడు మారుస్తారు?”

“జనం గోలపెడితే.”

గోల ఆయన ఒంట్లో లేదు. అయినా మర్నాడే కరెంటాఫీసుకి వెళ్ళి, మా వీధిలో వోల్టేజీ చాలట్లేదని చెప్పాడు. అబద్ధమేం కాదు. పొద్దువాలితే బల్బులు కునికిపాట్లు పడేవి, పిండిమర మూలిగేది. వీధంతా ఆ సంగతి ఇంటికొచ్చిన చుట్టాలకి చెప్పుకునేదే తప్ప, ఆఫీసుదాకా వెళ్ళినవాళ్ళు లేరు. చూస్తామన్నాడు గుమస్తా. ఈయన వారం వారం వెళ్ళి “చూశారా?” అనేవాడు. కోపం లేకుండా అనేవాడు. అదే గుమస్తాని భయపెట్టింది.

కొన్నాళ్ళకి ఇస్త్రీ కొట్టతను తోడొచ్చాడు. తర్వాత రిటైరైన మాస్టారు వచ్చారు. ఆ తర్వాత సగం వీధి వచ్చింది. ఆయనకి ‘వోల్టేజీ బాబాయి’ అని పేరు పడింది.

ఒకరాత్రి భోజనాల దగ్గర ఆవిడ అంది: “నిన్న నిద్రలో కలవరించారు.”

“ఏమని? వోల్టేజీ అనా?”

“తేనెరంగు అని.”

ఆయనకి పొలమారింది. నీళ్ళు తాగి, “ఎవరితోనూ అనకు,” అన్నాడు.

“అనడానికేముంది! పరాయిదాని మీద కన్నేసి చెడినవాళ్ళని చూశాను. మీరు బాగుపడుతున్నారు. కానివ్వండి.”

కొత్త లైను మంజూరైంది. పని జరిగే రోజునే మాస్టారు ఆయనకి అభినందన సభ పెట్టారు. స్తంభానికి కాస్త ఇవతల షామియానా, కుర్చీలు. కరెంటు తీసేశారు కాబట్టి మైకు లేదు. మైకు లేదు కాబట్టి మాస్టారు ప్రతి మాటా రెండుసార్లు అరిచి చెప్పారు.

“స్వార్థమంటే ఎరగని మనిషి! ఎరగని మనిషి!”

ఆ మనిషి ముందువరసలో మెడ ఎత్తి లైన్‌మ్యాన్ చేతులకేసి చూస్తున్నాడు. పింగాణీ కప్పులు ఒక్కొక్కటే ఊడాయి. చివరిది మిగిలింది.

“సార్!” పైనించి కేక. “ఇది తుప్పుపట్టిన ఇనప పిన్నుకి కరుచుకుపోయింది, తిరగట్లేదు. సుత్తితో పగలగొట్టేస్తే అయిదు నిమిషాల్లో కొత్తది బిగిస్తా. పగలకుండా దించాలంటే పిన్ను కోసి ఇంకోటి వెయ్యాలి. గంట పడుతుంది. ఏం చెయ్యమంటారు?”

“అడిగేదేముందోయ్, పగలగొట్టు!” అన్నారు మాస్టారు. “పొద్దుట్నించి నీళ్ళ మోటారు లేదు.”

“కొట్టెయ్, కొట్టెయ్,” అన్నాయి కుర్చీలు.

లైన్‌మ్యాన్ సుత్తి తీశాడు గానీ కొట్టలేదు. కళ్ళద్దాలాయన లేచాడు. సభకి బదులు చెబుతాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా ఆగి, “కొయ్యి బాబూ,” అన్నాడు.

“అదేంటి బాబాయ్?” అన్నాడు ఇస్త్రీ కొట్టతను.

“నాకా గాజు కావాలి. ఆఫీసు చుట్టూ తిరిగింది దానికోసమే. వోల్టేజీ దారిలో కలిసింది.”

ఎవరో నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నారు. మాస్టారు, అన్న మాటల్ని రెండుసార్లు అన్నందుకు నొచ్చుకుంటున్నట్టు కనబడ్డారు.

ఇస్త్రీ కొట్టతను లేచాడు. “సీసాపెంకు కోసమా? మమ్మల్నందర్నీ వెనకేసుకుని తిరిగింది సీసాపెంకు కోసమా? అక్కడ నా బట్టలు గుట్టలు పడున్నాయి, ఇంకో గంట కూర్చోవాలా నేను?”

అడిగింది న్యాయమే. ఆయన పోనీ పగలగొట్టెయ్ అనడానికి నోరు తెరిచాడు. పైకి చూసి మూసేశాడు.

పిండిమర గుమ్మంలోంచి ఆవిడ బయటికొచ్చింది.

“ఏమయ్యా, పైనున్నాయనా! సుత్తి లోపల పెట్టు. రంపం తియ్యి.”

“అందరికంటే నష్టం నీకే కదమ్మా,” అన్నారు మాస్టారు.

“అవునండీ, మర ఆగిపోయింది నాది. నాకంటే ఎక్కువ నష్టపోయేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు మాట్లాడండి.” ఆవిడ కుర్చీల వరసలన్నీ ఒకసారి చూసింది. “మంచి మనసున్నవాళ్ళు ఇన్నేళ్ళూ ఎక్కని ఆఫీసు మెట్లు ఈయన ఎక్కారు. కొయ్యనివ్వండి.”

గంటసేపు వీధంతా షామియానా కింద కూర్చుని ఇనుము కోస్తున్న చప్పుడు వింది. లేచి వెళ్ళొచ్చు. ఇళ్ళల్లో ఫ్యాన్లు తిరగడంలేదు కాబట్టి ఎవరూ వెళ్ళలేదు. సభ ముగిసిందని గానీ, ముగియలేదని గానీ మాస్టారు ప్రకటించలేదు. ఇస్త్రీ కొట్టతను కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

గాజుకప్పు లైన్‌మ్యాన్ భుజాన సంచీలో దిగింది. తుప్పు పిన్ను ముక్క లోపలే ఉండిపోయింది. ఆయన కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో మసి తుడిచాడు, ఆకాశానికి ఎత్తిపట్టాడు. 

“ఇదేనా?” అంది ఆవిడ.

“ఇదే.”

ఆవిడ చేతిలోకి తీసుకుంది. “బరువుగానే ఉందే,” అని తనూ ఎత్తిపట్టి చూసింది. ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు.

కరెంటొచ్చిందని ఎవరో కేకేశారు. వస్తున్నానంది ఆవిడ, అక్కడే నిలబడి.