భుజం మీది చెయ్యి

నా కూతురు పోయేనాటికి దాని బిడ్డకు పాకడం కూడా రాదు. తల్లీబిడ్డలు కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పెళ్లినాటి ఫోటో. పిల్ల రెండో తరగతిలో ఉండగా మా అల్లుడు దాన్ని నూజివీడు తీసుకువెళ్లి, స్టూడియోలో కొత్త గౌనుతో ఫోటో తీయించాడు. కొన్నాళ్లకు ఫ్రేము కట్టించి తెచ్చి గోడకు తగిలించాడు. అందులో పిల్ల నిలబడి ఉంది. వెనకాల నా కూతురు, పిల్ల భుజం మీద చెయ్యి వేసి.

"పిల్ల సంతోషిస్తుందని చేయించానండీ అత్తయ్యగారూ," అన్నాడు.

సంతోషించింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒంటిపూట బడి వదిలాక ఇంటికి రావడం మానేసింది. వెతుక్కుంటూ వెళితే ఆగిరిపల్లి రోడ్డు మీద, బస్సు ఆగే చోట, ఆ ఎండలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవరికోసమే?"

"అమ్మకోసం. ఫోటోకి వచ్చింది కదా, ఇంటికి రాదా?"

"మీ అమ్మ చచ్చిపోయిందే."

"అబద్ధం. నా భుజం మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది కూడా. నువ్వే రానివ్వట్లేదు. ఇంకో మనిషొస్తే బియ్యం ఖర్చని!"

కొట్టబోయి చెయ్యి దించుకున్నాను. ఆ తర్వాత రోజూ అదే వరస. ఎండకు పిల్ల ముక్కు వెంట రక్తం కారినా మానలేదు. నా మాట నమ్మడం మానేసింది.

నాకు మాత్రం నెమ్మది ఉందా? మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బియ్యం చెరుగుతుంటే వెనక ఎవరో నిలబడినట్టుండేది. తిరిగి చూస్తే గోడ మీద నా కూతురు. కన్నతల్లిని, నాకు దాన్ని చూస్తే భయమెందుకు? నా చదువు మూడో తరగతితో సరి. ఫోటోల సంగతి నాకేం తెలుసు?

ఒక ఆదివారం రెండు రసాల మామిడిపళ్లు పిల్ల ముందు పెట్టాను. ఒకటి మా చెట్టున పండింది, ఒకటి బజారుది. బజారు పండుకే రంగెక్కువ. తోటలో పెరిగిన పిల్ల కదా, రెండిటి తొడిమల దగ్గరా వాసన చూసి బజారుదాన్ని పక్కకు నెట్టేసింది.

"ఇది కార్బైడు పెట్టి మగ్గబెట్టింది. రంగే ఉంది, వాసన లేదు."

"రంగు చూసి నమ్మొచ్చుగా?"

"తొడిమ దగ్గర చూడాలని నువ్వేగా చెప్పావు!"

ఫ్రేము దించి దాని ఒళ్లో పెట్టాను. "దీనికీ తొడిమ ఎక్కడుందో వెతుకు."

"ఫోటోకి తొడిమేంటి అమ్మమ్మా!" అని నవ్వింది. నవ్వుతూనే వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నా మొహం మీద వెలుగు ఇటు ఉంది. అమ్మకి అటు ఉందేంటి?"

"ఏమో. ఇంకా చూడు."

"అమ్మ జడనిండా పెళ్లిపూలున్నాయి."

"ఫోటో తీసినప్పుడు నీ వెనకాల ఏముంది?"

"నీలం తెర."

"నాన్న?"

"కెమెరా పక్కన."

"మరి చెయ్యి ఎవరు వేశారు?"

పిల్ల తన భుజం తడుముకుంది. "ఎవరూ వెయ్యలేదు," అంది.

అప్పుడు నేనూ ఆ చేతిని తేరిపార చూశాను. చిన్నప్పుడు కాయ తొడిమ తుంచబోతే సొన చిమ్మి, నా కూతురి చేతి మీద మణికట్టు నుంచి వేళ్ల దాకా మచ్చ పడింది. అది చచ్చేదాకా పోలేదు. ఫోటోలో చెయ్యి నున్నగా ఉంది. వేలికి పాము ఉంగరం ఉంది. అలాంటిది మా ఇంట ఎవరికీ లేదు. అన్నాళ్లూ నన్ను భయపెట్టింది నా కూతురు కాదు.

"అయితే ఇది ఎవరి చెయ్యి అమ్మమ్మా?"

పిల్లను వెంటబెట్టుకుని నూజివీడు వెళ్లి స్టూడియోవాణ్ణే అడిగాను.

"పెళ్లిఫోటోలో చెయ్యి కనపడలేదు, ఇది పాత నెగిటివుల్లో దేనిదో అతికించి ఉంటామండీ. ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఇవన్నీ ఎవరూ అడగరండీ."

"మా మనవరాలు అడుగుతోంది," అన్నాను. అతను పిల్ల వంక చూసి తలుపు చాటుకు వెళ్లిపోయాడు.

పిల్ల మళ్లీ బస్సు దగ్గరికి వెళ్లలేదు. ఫోటో మాత్రం తీసెయ్యనివ్వలేదు. "మొహం అమ్మదే కదా," అంది. నల్లకాగితం ముక్క చించి, అన్నం మెతుకులతో అద్దం మీద ఆ చెయ్యి కనపడకుండా అంటించింది. మెతుకులు పాడుచేస్తున్నావని ఆ పూట నేను అనలేదు.

వానలు పడ్డాక మెతుకు చెమ్మగిలి కాగితం ఒక మూల లేచింది. కింద ఉంగరం కనపడింది. పిల్ల బడి నుంచి వచ్చేలోపు బొటనవేలితో అదిమిపట్టి, అంటుకునేదాకా అలాగే నిలబడ్డాను.