పోర్టు కొక్కెం ఉన్న బారులో మహలక్ష్మితో బ్రంచ్

పెళ్లయిన కొత్తలో మా షిఫ్టు సూపర్‌వైజరు నాకొక మాట ఇచ్చాడు. అప్పుడు నేను విశాఖ పోర్టులో టాలీ గుమస్తాని, అంటే ఓడ పక్కన నిలబడి దిగే బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. వన్ టౌన్‌లో ఒంటిగది కాపురం. "ఆదివారం మధ్యాహ్నం మీ ఆవిణ్ణి తీసుకుని క్లబ్బుకి రావోయ్, నా అతిథులుగా పేర్లు రాయిస్తాను, దొరల్లా కూర్చుని తిందాం" అన్నాడు. మహలక్ష్మి పెళ్లి పట్టుచీర కట్టుకుంది. గేటు బయట గంటన్నర నిలబడ్డాం. ఆయన రాలేదు. కాపలావాడు మూడోసారి పక్కకి జరగమన్నాక ఇంటికొచ్చేశాం. తరవాతి ముప్ఫై ఎనిమిదేళ్లలో మా ఆవిడ ఏ హోటల్ గుమ్మమూ తొక్కలేదు. "గేటు దగ్గర నిలబడటం నాకు చాతకాదండీ" అంటుంది, అంతే. చచ్చేలోగా ఒక్కసారైనా ఆవిణ్ణి అలాంటి చోట కుర్చీలో కూర్చోబెట్టాలని నా పట్టుదల. రిటైరై విజయనగరం చేరాక ఖాళీ ఎక్కువై ఆ పట్టుదల ఇంకా ముదిరింది.

బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఒక పాత బంగళాని పాతకాలపు పద్ధతిలో అలంకరించి బారు, రెస్టారెంటు పెట్టారని ఆదివారం పేపర్లో చదివాను. వ్యాసం రాసినవాడు దాన్ని దొరల కాలంలోకి ప్రయాణం అన్నాడు. అతనికి ఆ కాలమూ తెలీదు, తెలుగు వాక్యమూ తెలీదు, కానీ టైములు సరిగ్గా ఇచ్చాడు. శని, ఆదివారాలు పదకొండు నుంచి మూడు దాకా బ్రంచ్. టిఫినూ భోజనమూ కలిపి పెట్టేదాన్ని ఇప్పుడలా అంటున్నారు. నేను నైట్ షిఫ్టు చేసొచ్చి పదకొండింటికి తింటే దానికి మా అమ్మ పెట్టిన పేరు వేరు, ఇక్కడ రాయదగ్గది కాదు.

మొన్న ఆదివారం తొమ్మిదింటికి విజయనగరంలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆనందపురం జంక్షన్లో కూరగాయల లారీల మధ్య పావుగంట ఇరుక్కున్నా, పదకొండింటికల్లా మద్దిలపాలెంలో దిగాం. అక్కణ్ణుంచి ఆటోకి నలభై అడిగాడు, బేరమాడితే ముప్ఫై అయిదు. బంగళా పేరు చెప్పగానే డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు.

"ఏటి తాతా, అది బారు కదేటి."

మహలక్ష్మి నా వైపు తిరిగింది. "బారా?"

"రెస్టారెంటు కూడా" అన్నాను.

"బయపడకు మామ్మా. ఆదోరం పూట ఆడోల్లే ఎక్కువొత్తన్నారు. తాత తాగేసి పడిపోతే నాకు ఫోన్ సెయ్యి, వచ్చి ఎత్తుకెల్తాను. దానికి బేరం లేదు."

ఆవిడ నవ్వింది. మంచి శకునమే అనుకున్నాను.

గుమ్మంలో ఎర్రకోటు, ఇత్తడి గుండీలు తొడుక్కున్న మనిషి చేతిలో కాగితం పట్టుకుని ఉన్నాడు. "బుకింగ్ ఉందా సార్? లిస్టులో పేరుండాలి." ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ముందు ఫోన్ చెయ్యాలని నాకు తట్టలేదు. మహలక్ష్మి రోడ్డు వైపు తిరిగి, ఇంకా కదలని ఆ ఆటోని చూస్తోంది. ఆవిడ అందులో ఎక్కితే మళ్లీ ఎప్పటికీ రాదని నాకు తెలుసు.

నా కోపం ఎక్కడో చోట పడాలి. తలుపు పక్క గాజు పెట్టెలో దీపం కింద ఒక ఇనప కొక్కెం కనిపించింది. సొరచేపల్ని పట్టే పాతకాలపు గాలం అని ఇంగ్లీషులో చీటీ. "ఇది రాసిన ఘనుడెవరు, పిలవండి" అన్నాను. నేత చీర కట్టుకున్న ఒక అమ్మాయి వచ్చింది. మేనేజరట.

"ఇది గాలం కాదమ్మా. కళాసీల చేతి కొక్కెం. గోనెబస్తాకి గుచ్చి లాగుతారు. గాలానికైతే చేప జారిపోకుండా మొన దగ్గర ముల్లుంటుంది. దీనికి ముల్లుంటే బస్తా చిరిగి బియ్యమంతా సముద్రంలోకే. మొన చూడండి, నున్నగా ఉంది."

"మీకెలా తెలుసు అంకుల్?"

"దాని పక్కన ముప్ఫై ఏళ్లు నిలబడ్డాను."

ఆ అమ్మాయి వంగి మొన చూసింది. "లోపల ఇలాంటివి ఇంకో పన్నెండున్నాయి. అమ్మినవాళ్లు చెప్పిందే రాయించాను. మీరు భోంచేసి, అన్నీ చూసి, తప్పులు చెబుతారా?"

జీవితమంతా తప్పులు పట్టినవాణ్ణి. దయచేసి పట్టండి అని ఒకరు అడగడం ఇదే మొదలు. ఆ అమ్మాయి ఎర్రకోటు మనిషి దగ్గర కాగితం తీసుకుని పేర్లు అడిగింది. "ఆవిడ పేరు ముందు రాయండి" అన్నాను. మహలక్ష్మి ఆటో వైపు చూడటం మానేసి, తన పేరు రాస్తున్న కలాన్ని చూసింది. తరవాత నాకంటే ముందు లోపలికి నడిచింది.

మనిషికి మూడు వందల యాభై, మందుకి వేరే. కిటికీ పక్క పేము కుర్చీలు, పొడుగు కాడల ఫ్యాన్లు, బయట సముద్రంలో వంతు కోసం ఆగిన ఓడలు. పన్నెండు వస్తువుల్లో అయిదు తప్పులు దొరికాయి. ఒక ఓడ లాంతరునైతే తలకిందులుగా తగిలించారు. నేనొక బీరు తాగాను. ఆవిడ ఆమ్లెట్టు, తేనె పోసిన అట్టు తిని, కోనాం చేప వేపుడు దగ్గర ఆగిపోయింది. మూడోసారి పెట్టించుకుంటూ, పొడుగు టోపీ పెట్టుకున్న వంటాయన్ని అడిగింది.

"ఇందులో వాము వేశావా బాబూ?"

"ఏసానమ్మా. మా జాలారిపేటలో అలాగే ఏత్తారు. మేనేజరమ్మకి సెప్పకండి, ఆల్ల పుస్తకంలో లేదు."

"పుస్తకంలో ఉన్నవి నేను తినలేదులే" అంది మహలక్ష్మి. ఇద్దరూ నవ్వారు. కొత్త చోట ఆవిడ అంత బిగ్గరగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

కాఫీ వచ్చాక, చెయ్యి తుడుచుకుంటూ అంది: "ఆయన ఆ రోజు క్లబ్బులోనే ఉన్నాడండీ."

"ఎవరు?"

"మీ సూపర్‌వైజరు. మర్నాడు మీరు డ్యూటీకి వెళ్లాక ఇంటికొచ్చాడు. గుమస్తాల పేర్లు రాయడం కుదరదన్నారట లోపలివాళ్లు. మన మొహం చూడలేక అక్కడే కూర్చుండిపోయాడట. గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. మీకు చెబితే క్లబ్బు మీదకెళ్లి ఉద్యోగం పోగొట్టుకుంటారని నేనే దాచాను."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఇప్పుడు కడుపు నిండింది కాబట్టి."

వెళ్లదలిచినవాళ్లు శనివారం సాయంత్రమే ఫోన్ చేసి పేర్లు రాయించుకోండి, కిటికీ పక్క బల్ల కావాలని అప్పుడే చెప్పండి. ఇంతకంటే పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

తిరుగు బస్సులో మహలక్ష్మి నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నేను మాత్రం ఆలోచిస్తూ కూర్చున్నాను. పేర్లు రాయడం కుదరదన్నవాళ్లు నీచులే, కానీ వాళ్లు నాకు మాటివ్వలేదు. క్లబ్బు మెట్ల నుంచి గేటు దాకా యాభై అడుగులుంటుందేమో. అంత దూరం నడిచొచ్చి, "వీళ్లు రానివ్వరటోయ్" అని ఉంటే, ముగ్గురం కలిసి బీచికి పోయి బజ్జీలు తినేవాళ్లం. ఆ పట్టుచీర ఇసకలో పాడయ్యేది, అంతే కదా. అతని మీద జాలి కలిగిన మాట నిజం. అయినా ముప్ఫై ఎనిమిదేళ్లు మా ఆవిణ్ణి ప్రతి గుమ్మం ముందూ నిలబెట్టింది, ఇవాళ్టికీ నా లెక్కలో ఒక్కడే: సూపర్‌వైజర్ పైడిరాజు.