మంచం ఎత్తులో ఒక మడుగు

2023 వానాకాలం. సికింద్రాబాద్‌లోని నా అక్వేరియం దుకాణంలో చేపల కన్నా రంగు గులకరాళ్లే ఎక్కువ అమ్ముడుపోతున్న రోజులవి. నోరు తెరిచి బుడగలు వదిలే మొసలి బొమ్మ, నీలం ఇసుక, ప్లాస్టిక్ కోట, వాటి మధ్య బిక్కుబిక్కుమంటూ రెండు గోల్డ్ ఫిష్‌లు. జనానికి అదే అక్వేరియం. నాకు ఒళ్లు మండినా అమ్మేవాణ్ణి. నేను వద్దంటే పక్క దుకాణంలో కొనుక్కుంటారు, అంతే తేడా.

అప్పుడు కిరణ్ అనే ఆయన వచ్చాడు. బేగంపేటలో ఉద్యోగం, మెట్టుగూడలో ఇల్లు. వాళ్లది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబమే గానీ, ఇక్కడే పెరిగినవాడు కాబట్టి మాట మా మాటే.

"భాయ్, బురద మడుగు లెక్క అక్వేరియం చేస్తరా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. ఎవరికని అడిగాను.

"మా ఆవిడకు. డాక్టర్ మంచం దిగొద్దన్నది. ఇంక ఐదు నెలలు." కాసేపు ఆ మొసలి వంక చూశాడు. "ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు."

మర్నాడే ఇల్లు చూడ్డానికి వెళ్లాను. కిరణ్ భార్య శిరీష ఎడమవైపుకు తిరిగి పడుకుని ఉంది. ఎదురుగా ఖాళీ గోడ. ఇన్ని నెలలూ ఆ గోడనే చూడాలి. పక్కన కుర్చీలో ఆమె అత్తగారు సత్యవతిగారు చిక్కుళ్లు ఒలుస్తున్నారు.

"చిన్నప్పుడు బస్సులో కొల్లేరు పక్కగా వెళ్లేవాళ్లం అన్నయ్యా," అంది శిరీష. "కిటికీలోంచి ఆకులు, పూలు, కొంగలు కనిపించేవి. అంతా పైపైనే చూశాను. నీళ్ల లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎలాగూ తీరికే కదా."

"కడుపుతో ఉన్న పిల్ల పొద్దున్నే లేచి మురికినీళ్లు చూడ్డమేంటి నాయనా?" అన్నారు సత్యవతిగారు. "రంగురంగుల చేపలు పెట్టు. కళగా ఉంటుంది."

నేను నవ్వి, మంచం పక్కన నేల మీద కూర్చుని, పీట మీద తల వాల్చి గోడ వంక చూశాను.

"ఏం నాయనా, మెడ పట్టిందా?" అన్నారావిడ.

మెడ పట్టలేదు. అక్వేరియం ఎప్పుడూ నిలబడి చూసేవాళ్ల కోసమే పెడతాం. ఈ తొట్టి పడుకున్న కళ్ల కోసం. పైగా ఆమెకు కావలసింది నీటి అడుగు నుంచి పైకి చూసే చూపు. అందుకే స్టాండ్ పొట్టిగా చేయించాను. మూడడుగుల తొట్టిలో జానెడు ఖాళీ వదిలి నీళ్లు పోస్తే, నీటి పైభాగం ఆమె కళ్లకు కాస్త ఎగువన ఉంటుంది. కింద నుంచి చూస్తే నీటి మట్టం వెండి రేకులా మెరుస్తుంది. దాన్ని చూడకుండా చిత్తడి నేల చూశామనడం దండగ.

ఒక చోటి ప్రకృతిని ఉన్నదున్నట్టు తొట్టిలో తీసుకురావడాన్ని మా పనిలో బయోటోప్ అంటాం. కొల్లేరును గదిలోకి తేవడం నా తాతవల్ల కూడా కాదు గానీ, దాని స్వభావాన్ని తేవచ్చు. అడుగున మట్టి, పైన సన్న ఇసుక. వంకర వేళ్లు. నాటుబాదం చెట్టు ఎండుటాకులు. పైన తేలే అంతర తామర, దాని వేళ్లు గడ్డంలా కిందికి వేలాడతాయి. ఆకులు నానేకొద్దీ నీళ్లు పల్చటి టీ డికాషన్ రంగుకు తిరిగాయి. లైటు వేస్తే గదంతా సాయంకాలమైంది. సత్యవతిగారు నిట్టూర్చారు.

ఆ తర్వాత నెల రోజులు చేపలు లేవు. కొత్త నీళ్లలో మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగేదాకా ఆగాలి, దాన్నే సైక్లింగ్ అంటాం. మామూలుగా ఈ నెల రోజులూ చేపలెప్పుడు వేస్తావంటూ జనం నా ప్రాణం తోడేస్తారు. శిరీష మాత్రం ఫోన్ చేసి, "ఒక నత్త పుట్టింది అన్నయ్యా, ఆకు మీద నడుస్తోంది" అనో, "మధ్యాహ్నం నిద్రలో నేనే ఆ వేళ్ల కింద ఉన్నాను, ఊపిరి కూడా ఆడింది" అనో చెప్పేది. దూరంగా రైలు కూత వినిపించేది ఫోన్‌లో. నేను గిరాకీని నిలబెట్టి వినేవాణ్ణి.

చివరికి హనీ గౌరామిలు వేశాను. తేనె రంగు చిన్న చేపలు. నిలవ నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఇవి పైకొచ్చి గాలి గుటక వేస్తాయి. ఉండేది నీళ్లలో, పీల్చేది మన గది గాలి. అందుకని దోమల కాయిల్, స్ప్రే, పొగ ఏదీ వద్దన్నాను. సత్యవతిగారు ఆ రోజే దోమతెర తెప్పించారు.

కొన్నాళ్లకు ఆవిడే ఫోన్ చేశారు. "నాయనా, నీళ్లు పాడైనట్టున్నాయి. నురగ తేలింది. గరిటెతో తీసేయనా?"

"అమ్మా, దాన్ని ముట్టకుండ్రి. అది ఇల్లు," అన్నాను.

బబుల్ నెస్ట్ అది. మగ చేప ఒక్కో బుడగా ఊది గూడు కట్టి, అందులో గుడ్లను కాపలా కాస్తుంది. జారిన పిల్లను నోటితో పట్టి మళ్లీ గూట్లో పెడుతుంది. నేను వెళ్లేసరికి సత్యవతిగారు పీట వేసుకుని తొట్టి ముందే ఉన్నారు.

"ఎన్నిసార్లు జారినా విసుక్కోడేంటే వీడు," అన్నారు కోడలితో. మురికినీళ్లన్న మాట ఆ తర్వాత ఆవిడ నోట వినలేదు.

పిల్లలు కంటికి ఆనేంత అయ్యాయి. అప్పుడప్పుడే పైకొచ్చి గాలి పీల్చడం నేర్చుకుంటున్నాయి. శిరీషకు ఏడో నెల దాటింది. ఒక శుక్రవారం సాయంత్రం కిరణ్ ఫోన్ చేశాడు, గొంతు తగ్గించి.

"భాయ్, పిల్లలన్నీ తేలినయి. పెద్దవి సుత ఒరుగుతున్నయి. శిరీష పండుకున్నది. మీ దుకాణంల గసువంటి పిల్లలున్నయి కదా, జెర తీస్కరండి. లేసేలోపు ఏసేద్దాం."

కవర్లో చేపపిల్లల్ని పట్టుకుని పరుగున వెళ్లాను. గది తలుపు తీయగానే సాంబ్రాణి వాసన. చుట్టాలు చూసి వెళ్లారట, దిష్టి పోవాలని సత్యవతిగారు కిటికీలు మూసి గదినిండా ధూపం వేశారు. సాంబ్రాణి ఎవరి లెక్కలోనూ పొగ కాదు. మా ఇంట్లో గురువారం ఇదే సాంబ్రాణిని లోబాన్ అని వేసేటప్పుడు మేమూ దాన్ని పొగ అనుకోం.

కిటికీ తెరిచి, మూత తీసి, నీటి మీద పట్టిన పొగ పొరను గిన్నెతో తోడేశాను. పెద్ద చేపలు మెల్లగా నిలదొక్కుకున్నాయి. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. వాటిని తీసేసి కవర్ విప్పబోయాను.

"అన్నయ్యా, అవి వద్దు," అంది శిరీష. కళ్లు మూసుకునే ఉంది. "నేను నిద్రపోలేదు. నేను చూశానని తెలిస్తే కిరణ్ హడలిపోతాడని కళ్లు మూసుకున్నాను."

కిరణ్ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"సాంబ్రాణి వల్లే కదా?" అందామె. అవునన్నాను.

"అత్తయ్యగారికి చెప్పకండి. ఏదో రోగమనండి. ఆవిడ నా బిడ్డ కోసమే వేశారు."

సరేనని బయటికి వచ్చాను. మెట్ల దగ్గర సత్యవతిగారు నిలబడి ఉన్నారు.

"నా ధూపం వల్లే కదా నాయనా?"

"కాదమ్మా, చేపలకు రోగమొచ్చింది," అన్నాను.

ఆవిడ నా మొహం కేసి చూశారు. "నీకు అబద్ధం రాదు. అయినా అదే చెప్పు. నాకు తెలిసిపోయిందని తెలిస్తే ఆ పిచ్చిపిల్ల నా గురించి బెంగపడుతుంది. ఇప్పుడది బెంగపడకూడదు."

బండి స్టార్ట్ చేయలేక చాలాసేపు దాని మీదే కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అనుకుందామంటే వీధిలో పొగ కూడా లేదు.

డిసెంబర్‌లో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. తర్వాత మొక్కలు కత్తిరించడానికి వెళ్లినప్పుడు పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టే వేళ అయింది. సత్యవతిగారు గది తలుపు గట్టిగా మూసి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, పాపను ఎత్తుకుని హాల్లోకి వెళ్లారు.

"అక్కడ చలిగాలి కదండీ అత్తయ్యగారూ, గదిలోనే పట్టొచ్చుగా," అంది శిరీష లోపలి నుంచి.

"ఆ గదిలో ఇరుకే," అన్నారావిడ బయటి నుంచి.

శిరీష నా వంక చూసి తల దించుకుంది. నేను అంతర తామర వేళ్లు కత్తిరిస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు తొట్టి పెట్టే ముందు పొడవు, వెడల్పుతో పాటు శుక్రవారం మీ ఇంట్లో ఏం చేస్తారని కూడా అడుగుతాను. జనం వింతగా చూస్తారు. చూడనీ. చేపల పని దుకాణంలో నేర్చుకున్నాను. తెలిసి కూడా తెలియనట్టు ఉండడం ఆ అత్తాకోడళ్ల దగ్గర నేర్చుకున్నాను.