విత్తనానికి వదిలిన సొరకాయ

మొన్న ఆదోని మార్కెట్లో సొరకాయ లేతదో ముదురుదో చూద్దామని గోరు గుచ్చబోయి, ఎప్పటిలాగే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కూరగాయలామె నన్ను వింతగా చూసింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి సొరకాయకు భయపడుతుందంటే మీరూ నవ్వుతారు గానీ, భాద్రపదం వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి వెనకాల ఒక పెద్దామె నడుం వంచి సొర ఆకులు ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నట్టు నాకు కనిపిస్తూనే ఉంటుంది.

కోడుమూరు నుంచి నేను ఆ వీధికి కోడలిగా వచ్చింది డెబ్బైల నడుమ. వీధి వెనక బావికి ఆనుకుని కొంత బీడు ఉండేది. దాన్ని ఇంటికొక మడి చొప్పున పంచుకుని, మగ్గం దిగిన పొద్దుల్లో అందరూ కూరగాయలు పండించుకునేవాళ్లు. మీలో మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు, మన ఇళ్లలో అన్నం మెతుకులకన్నా నూలు ముక్కలే ఎక్కువ దొరుకుతాయి. తీగలు కట్టడానికి, పందిరి బిగించడానికి, పిచ్చుకలను బెదరగొట్టడానికి అన్నిటికీ ఆ తెగిన నూలే, అందుకని మా మళ్లన్నీ రంగురంగుల పోగులతో పెళ్లివారి పందిరిలా ఉండేవి. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పాదు ఎవరిదైనా సరే, తీగ పాకి ఎవరి పందిరి ఎక్కితే అక్కడ కాసిన కాయ వాళ్లదే. దానివల్లే మా వీధిలో తగాదాలు లేవని మా అత్తగారు గొప్పగా చెప్పేది.

మా పక్క మడి సాయిబుల పెద్దమ్మది. ఆమె భర్త మా వీధిలో నేసిన తువ్వాళ్లు సైకిలు మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఆదోనిలో ఇచ్చారు. ఆ పిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి వస్తూ అత్తవారింటి సొరగింజలు కొంగున కట్టుకొచ్చి, తల్లి మడిలో తన చేత్తోనే పెట్టిందట. తీగ పందిరెక్కక ముందే కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. అప్పటి నుంచి పెద్దమ్మ ఏటా ఒక మంచి కాయకు, పిందెగా ఉన్నప్పుడే ఎర్ర దారం కట్టి, విత్తనానికి వదిలేది. ఆ దారమున్న కాయను ముట్టకూడదని వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసట. నాకు మాత్రం ఈ కథంతా చేతులు కాలాకే తెలిసింది.

ఆ ఏడు వానలు ఆగకుండా కురిసి పిందెలన్నీ కుళ్లిపోయాయి. ఒక ఉదయం, పెద్దమ్మ మడి నుంచి మా పందిరి మీదికి పాకిన తీగకు నున్నటి లేత కాయ ఒక్కటి వేలాడుతూ కనబడింది. తొడిమకు ఎర్ర పోగు చుట్టుకుని ఉంటే, మన ఇళ్లలోంచి ఎగిరొచ్చిన నూలే కదా అని తెంపి పారేసి, గోరు గుచ్చి చూసి, కోసుకొచ్చి శనగపప్పు వేసి వండాను. కొత్త కోడలి చేతి వంట చూపించుకోవాలన్న ముచ్చట ఒకటి, గిన్నెడు కూర పెద్దమ్మకూ పట్టుకెళ్లాను. ఆమె నా ముందరే జొన్నరొట్టెతో తిన్నది. మొదటి ముక్క నమిలి కాసేపు ఆగింది గానీ, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మర్నాడు పొద్దున్నుంచి నాలుగు రోజులపాటు ఆమె ఆ తీగ ఆకులు ఎత్తి చూస్తూనే ఉంది. ఏం వెతుకుతోందని అత్తగారిని అడిగితే, అప్పుడు చెప్పింది కూతురి సంగతీ, దారం సంగతీ. నిరుటి గింజల్లో మిగిలినవి ఇల్లు కారి బూజుపట్టాయని, ఈ కాయ పోతే ఆ సొర ఇంక లేనట్టేనని కూడా చెప్పింది. నేను చేసిన పని బయటపెట్టాను. అత్తగారు, చెప్పినంత మాత్రాన కాయ తిరిగొస్తుందా, గమ్మునుండు అంది. తేలు కుట్టిన దొంగలా గమ్మునే ఉన్నాను. కట్టుబాటు ప్రకారం అది మా కాయే అని ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు వినలేదు. మరుసటి ఏడు పెద్దమ్మ ఆ పాదు తవ్వింది, ఎరువు వేసింది, గింజ లేని ఉత్త మట్టికి వానాకాలమంతా నీళ్లు పోసింది. నేను పక్కనే నా వంకాయలు కోసుకుంటూ చూశాను.

ఎనభైల్లో మగ్గం గిట్టుబాటు కాక మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లు పనికి కుదిరాడు. సామాను బండికెత్తాక పెద్దమ్మ దగ్గరకు పోయి, కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది.

"తెలుసమ్మా. మొదటి ముక్క నోట్లో ఏసుకున్నప్పుడే తెల్సింది. మా పిల్ల పెట్టిన సొర రుచి నాకు తెల్దా? నేనూ తింటి గదా, ఇంగ నిన్నేమని అనేది?"

తెలిసీ నాలుగు రోజులు ఆకులెందుకు ఎత్తి చూసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తిట్టి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో.

ఇప్పుడు ఆ మళ్ల మీద మేడలు లేచాయి, బావి పూడ్చేశారు. ఫలానా గింజే కావాలని పట్టుబట్టే మనుషులూ లేరు, అంగట్లో ఏ పొట్లమైనా ఒకటే. పెద్దమ్మా, ఆమె భర్తా, ఈ సంగతి చెప్పిన మా అత్తగారూ పోయారు. ఆ అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకుని ఏ ఊరు చేరాడో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ముఖం నేను ఒక్కసారైనా చూడలేదు. అయినా ఆమె పుట్టిందనీ, నిండు నెలల్లో వంగి ఒక సొరపాదు పెట్టిందనీ తలుచుకునే మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను.