తడి ఆరని గోనె సంచులు

ఎల్లారెడ్డి దాటాక ఒక వాగు మీద చెక్‌డ్యాం బాగుచేసే పని పట్టాను. గోడకు అడ్డంగా పగులు పడింది. పుచ్చిన కాంక్రీటంతా చెక్కేసి, కొత్తది పోసి, పైన గోనె సంచులు కప్పాం. ఆ సంచులు ఆరకుండా రోజూ నీళ్లు కొట్టాలి. మేస్త్రీ ఎంత బాగా పోసినా, నీళ్లు కొట్టేవాళ్లు బద్ధకిస్తే గోడ గుల్లే. ఆ పనికి ఊళ్లోని ఒక అవ్వను పెట్టుకున్నాను. నా నోరు మంచిది కాదు, కూలీలు నా దగ్గర నిలవరు. అవ్వ మాత్రం నేను అరిస్తే, "ఒర్రుడు అయినంక చెప్పు, నీళ్లు కొడ్త" అనేది.

సిమెంటు కోసం కామారెడ్డి వెళ్లి రెండు రోజులు ఇరుక్కుపోయాను. మూడో రోజు పొద్దున్నే బస్సు దిగి నేరుగా వాగు దగ్గరికి వెళితే సంచులు ముద్దముద్దగా తడిసి ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది.

"అవ్వ అప్పుడే కొట్టి పోయిందా?" అని పనిలోకి వచ్చిన కూలీని అడిగాను. అతను నెత్తి మీది తట్ట కింద పెట్టాడు.

"నీకు ఎరుక లేదా మేస్త్రీ? అవ్వ మొన్న నిద్రలనే పోయింది. నిన్న మట్టి చేసినం."

"మరి నీళ్లు ఎవరు కొట్టిన్రు?"

ఎవరూ కొట్టలేదు. అందరూ చావింటి దగ్గరే ఉన్నారట.

ఆ రోజు ఎండకు సాయంత్రానికి సంచులు పెళపెళలాడాయి. ఏమవుతుందో చూద్దామని కావాలనే అలా వదిలేశాను. తెల్లారి చూస్తే మళ్లీ తడి. కింద ఇసుకలో అడుగు గుర్తు ఒక్కటి లేదు. కూలీలు గోడ దగ్గర ఊదుబత్తులు ముట్టించి, చెప్పులు విడిచి పని చేశారు. వేరే రోజైతే వాళ్లను ఆటపట్టించేవాణ్ని. ఆ రోజు నాకూ భయం వేసింది. అవ్వ నిలబడే చోటు నుంచి నేనూ పక్కకు తప్పుకునే నడిచాను.

ఆ పొద్దు నుంచే అవ్వ కూతురు రావడం మొదలుపెట్టింది. ఆమెను ఆ ఊళ్లోనే ఇచ్చారు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. తడి సంచి మీద అరచేయి ఆనించి, ఆ చేతిని మొహానికి రాసుకుని వెళ్లిపోయేది.

మూడు రోజులు ఊరికే చూశాను. నాలుగో పొద్దున ఒక్కణ్నే వచ్చి సంచి ఎత్తాను. తువ్వాలతో గోడ తుడిచి ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి పాత కాంక్రీటూ కొత్తదీ కలిసే గీత వెంట చెమట పట్టినట్టు చుక్కలు లేచాయి. అవతల నిలిచిన నీళ్లే గోడలోంచి ఊరుతున్నాయి. పగలు ఎండకు ఆరుతున్నాయి, రాత్రంతా సంచుల్లోకి చేరుతున్నాయి. నా అతుకు పట్టుకోలేదు. వాగు వస్తే గోడ ఆగదు, కింద బట్టలు ఉతికే ఆడవాళ్లుంటారు. పగలగొట్టక తప్పదు. పగలగొడితే అవ్వ కూతురికి ఆ తడి కూడా మిగలదు. నా పని మీద నాకే అసహ్యం వేసింది.

నీళ్లను పక్కకు మళ్లించి, అతుకంతా తీసేసి మళ్లీ పోశాం. అది గట్టిపడ్డాక సంచులు తడపడం ఆపి, అవతల నీళ్లు నిలిపి చూశాం. తెల్లారి సంచులు పొడిగా ఉన్నాయి. ఆమె ఎప్పటిలాగే వచ్చి చేయి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

నేను తట్ట పక్కన పెట్టి ఆమె దగ్గరికి వెళ్లాను. "చెల్లె, వచ్చింది అవ్వ కాదు. గోడ ఊరుతుండె. తప్పు నాది."

"నాకు ఎరుకే," అంది. "మా అవ్వతోని ఎన్ని గోడలకు నీళ్లు కొట్టిన. వచ్చిన దినమే సంచి ఎత్తి చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే పలగ్గొడుదువు."