మామ వేలు పడిన చోటు

మా మామ సమ్మయ్యకు దేవుడు రోజూ పొద్దున్నే ఒక పని పురమాయించేవాడు. ఆ పనేమిటో తెలిసేదాకా ఆయన గడప దాటేవారు కాదు, చెప్పులు కూడా వేసుకునేవారు కాదు. కుటుంబ ప్రార్థన చివర్లో బైబిలు ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పుటలు గలగలలాడించి, ఒకచోట తెరిచి చూపుడువేలు ఆనించేవారు. వేలు ఎక్కడ పడితే అక్కడున్న వాక్యమే ఆ రోజుకు హుకుం.

మాది జగిత్యాల. మా పుట్టింట్లోనూ ప్రార్థన ఉండేది గానీ, అక్కడ బైబిలు మొదటి నుంచి వరుసగా చదువుకునేవాళ్లం. అది ఏ రోజూ ఎవరికీ ఏ కూర వండాలో చెప్పలేదు. సిరిసిల్లలో ఈయన ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాక నాకు మొదలైన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

నిజానికి అది పెళ్లిచూపుల నాడే మొదలైంది. అబ్రాహాము తన సేవకుణ్ణి కొడుక్కి పిల్లను చూసి రమ్మని పంపుతాడు కదా. తనకే కాక ఒంటెలకు కూడా నీళ్లు పోసే పిల్లే కావాలని ఆ సేవకుడు బావి దగ్గర మొక్కుకుంటాడు. ఆ పొద్దున మామ వేలు సరిగ్గా అక్కడ పడిందట. మా ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, ఇక ఎవరితోనూ మాట్లాడకుండా వాకిట్లో ఆగిన ఆటో వైపే చూస్తూ కూర్చున్నారు. బయట ఎండ మండిపోతోంది. పాపం డ్రైవర్ దప్పికతో ఉన్నాడేమోనని నేను చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. మామ తొడ మీద చరిచారు.

"అయిపాయె! పిల్ల ఖాయం!"

మా నాన్న తెల్లబోయాడు. "ఇంక ఏం మాట్లాడుకోలే గద బావా?"

"ఒంటెకు నీళ్లు పోసింది. ఇంక మాటలేంది?"

డ్రైవర్ చెంబు పట్టుకునే అటూ ఇటూ చూశాడు. "ఒంటె ఏడున్నది సార్?"

పెళ్లయిన కొత్తలో ఒకరోజు మామ బజారుకు పోయి సంచి నిండా దోసకాయలు, ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు మోసుకొచ్చారు. మా అత్త బాలలక్ష్మి బైబిలు చేత్తో పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు, కానీ అందులో ఏముందో ఆమెకు తెలిసినంతగా మా పాస్టరుకు కూడా తెలియదు. సంచి చూడగానే నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇయ్యాల ఏడ పడ్డది నీ వేలు?"

"ఎడారిల ఇశ్రాయేలోళ్లు దోసకాయలు, ఉల్లిగడ్డలు యాది చేసుకున్న కాడ."

"యాది చేసుకొని ఏడ్చినందుకే గద దేవునికి కోపమచ్చింది! నువ్వు సంచి నింపుకొని అచ్చినవ్. జర మీదికెల్లి కిందికి చదువరాదు?"

"వేలు పడ్డకాన్నే చదువాలె బాలలక్ష్మీ. మీద కింద చదివితే అది మన తెలివి అయితది."

ఆ వారమంతా దోసకాయ పప్పు, దోసకాయ పచ్చడి, దోసకాయ తొక్కు తిన్నాం. వేలు మాంసం దగ్గర పడాలని నేను కూడా ప్రార్థన చేశాను.

ఇంకోసారి వేలు వంశావళిలో పడింది. ఫలానా వాడు ఫలానా వాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను, పుట నిండా కనడమే. ఇందులో ఏం పని దొరుకుతుందా అని నేను వంటింట్లోంచి చెవులు రిక్కించి విన్నాను. మామకు క్షణం పట్టలేదు. "ఎవలి పిల్లలు ఎట్లున్నరో అర్సుకొని రమ్మంటున్నడు" అని బయల్దేరి, గల్లీలో ఒక్క ఇల్లు వదలకుండా తిరిగొచ్చారు. ఎవరి కొడుకు భివండిలో జ్వరంతో పడున్నాడో, ఎవరి అల్లుడు మస్కట్‌లో ఫోనెత్తడం లేదో అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఇంటికో చాయ్ తాగడంతో ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు.

చాయ్ హోటల్ దగ్గర ఆయన కనిపిస్తే చాలు, అందరికీ పండగ. మా గల్లీ రాజేశం మరీనూ. "కాకా, ఇయ్యాల మీ దేవుడు ఏం డ్యూటీ ఏసిండు?" అని కేకేసేవాడు. మామ కోపం తెచ్చుకోకుండా ఆ రోజు డ్యూటీ చెప్పేవారు. వాళ్లు పడీపడీ నవ్వేవారు, మామ కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు.

నాకు మాత్రం ఒకటే ఆరా. వేలు ఏ వాక్యం మీద పడినా అందులో ఆ రోజుకు ఒక పని ఎట్లా దొరుకుతుంది? చూద్దామంటే కుదిరేది కాదు. మామ పుట మీద అరచెయ్యి అడ్డం పెట్టి చదివి, ఆమెన్ అనగానే బైబిలు టప్పున మూసేసేవారు.

అంతలో సిరిసిల్లకు గడ్డురోజులు వచ్చాయి. బట్టకు ఆర్డర్లు ఆగిపోయి సాంచాలు, అంటే మా మరమగ్గాలు, ఒక్కొక్కటే మూతపడ్డాయి. పగలూ రాత్రీ మోగే గల్లీ మూగబోయింది. మగవాళ్లు భివండికి, గల్ఫుకు దారి పట్టారు. మా ఆయన మనోహర్, రాజేశం ఇద్దరూ కోరుట్లలో ఒక ఏజెంటును పట్టుకున్నారు. దుబాయిలో కంపెనీ పని. మనోహర్ వీసా ముందుగా వచ్చింది. ఫలానా రోజు పొద్దున పాస్‌పోర్టు తెచ్చి ఇమ్మని ఏజెంటు కబురు పెట్టాడు.

మనోహర్ కొత్త సూట్‌కేసు కొన్నాడు. చాయ్ హోటల్లో దుబాయి గురించి అప్పుడే అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాడిలా చెప్పాడు. నాకూ సంతోషంగానే ఉంది. పని లేని ఊళ్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఎన్నాళ్లని కూర్చుంటాం?

ఆ పొద్దున ప్రార్థనకు మనోహర్ తల దువ్వుకుని, బూట్లు వేసుకుని కూర్చున్నాడు. మామ కళ్లు మూసుకున్నారు. పుటలు గలగలలాడాయి, వేలు పడింది. దేశంలో కరువు వచ్చినప్పుడు దేవుడు ఇస్సాకుతో ఐగుప్తుకు పోవద్దని, ఈ దేశంలోనే ఉండమని, తను తోడుంటానని చెప్పిన మాట మామ గొంతెత్తి చదివారు.

ఎవరూ ఆమెన్ అనలేదు.

"బాపూ, అది ఐగుప్తు. నేను పొయ్యేది దుబాయి" అన్నాడు మనోహర్.

"రెండు దిక్కుల ఇసుకనే గదరా. నువ్వు పోవద్దు. వాక్యం వద్దన్నది, అంతే."

"నీ వేలుతోని నా బతుకు ఆగమైంది!" అని మనోహర్ బూట్లు విప్పి మూలకు విసిరాడు. సూట్‌కేసును కాలితో మంచం కిందికి తోశాడు. తర్వాత అంత కోపంలోనూ ఉప్మా రెండుసార్లు వేయించుకుని తిని, "బాపు ఆపిండు, లేకుంటే ఇయ్యాల్టికి కోరుట్ల చేరుతుంటి" అని చెప్పుకోవడానికి చాయ్ హోటలుకు వెళ్లాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లో గిన్నెలకు నా చేతిలో మామూలు శాస్తి జరగలేదు. అంతలో మామను ఎవరో వాకిట్లోకి పిలిచారు. ఎన్నడూ లేనిది ఆయన బైబిలు మూయడం మరిచిపోయి, తెరిచిన పుట మీదే కళ్లద్దాలు పెట్టి వెళ్లారు. నేను ఒక్క అంగలో అక్కడికి చేరాను.

ఆ పుటలో ఇస్సాకు లేడు. కరువు లేదు. దేవుని గుడారానికి సన్ననార తెరలు ఎట్లా నేయించాలో, వాటి పొడవెంతో, వెడల్పెంతో, అంచులకు తగిలించే కొలుకులు ఎక్కడ కుట్టాలో ఉంది. పైనుంచి కిందికి చదివాను. ఎక్కడా పోవద్దన్న మాట లేదు.

మామ లోపలికి రాగానే నిలదీశాను. "మామా, నీ వేలు పడ్డది తెరల మీద. ఐగుప్తు ఏడికెల్లి తెచ్చినవ్?"

మామ గుమ్మంలోంచి తొంగిచూసి, కొడుకు లేడని తేల్చుకున్నారు. "జర మెల్లగ బిడ్డా. వాడు రోజు సూట్‌కేసు సదురుతండు, మల్ల తీస్తండు. మొన్న నల్లా కాడ ముఖం కడుక్కుంట ఏడుస్తండు. పోవుడు వానికి ఇష్టం లేదు. భయమైతంది. నీకు చెప్పిండా?"

చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

"గల్లీల అందరికి పోతున్నని చెప్పుకున్నడు. ఇప్పుడు భయమైతందంటే ఇజ్జత్ ఉంటదా? బాపు ఆపిండంటే వాని ఇజ్జత్ వానికుంటది."

"మరి అందరు నిన్ను నవ్వుతరు గద?"

"నన్ను నవ్వుడు కొత్తనా?"

"వేలు పడ్డకాన్నే చదువాలె అంటివి!"

మామ తల గోక్కున్నారు. "దేవున్ని మాఫీ అడుగుకున్న. అయినా గా మాట నేను కల్పించిన్నా? బైబిల్లనే ఉన్నది గద. పుట ఒక్కటే తేడా."

"పుట కాదు, పుస్తకమే తేడా" అంది అత్త వంటింట్లోంచి. "ఇస్సాకు ఆదికాండంల ఉన్నడు. తెరలు నిర్గమకాండంల ఉన్నయి. నేను పొద్దుగాల్నే అనుకున్న."

నాకు నవ్వాగలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పెద్దమనిషి కాళ్లకు దండం పెట్టాలనిపించింది, కానీ ఆయన అప్పటికే కళ్లద్దాల కోసం వెతుక్కుంటున్నారు.

ఆ వారంలోనే మనోహర్‌కు వేములవాడలో ఒక లాడ్జిలో పని దొరికింది. జీతం దుబాయి జీతం కాదు గానీ, పొద్దున బస్సెక్కితే సాయంత్రం ఇంట్లో ఉంటాడు. ఇప్పటికీ అలవాటు కొద్దీ తండ్రిని తిడుతుంటాడు. మామ తలూపుతూ వింటుంటారు.

తర్వాత ఒక పొద్దున మేం పాట పాడుతుంటే రాజేశం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పాస్‌పోర్టు ఇవ్వాల్సిన రోజు వాడికీ వచ్చింది.

"ఊకెనే వచ్చిన కాకా. మీ వాక్యం ఏమంటదో సూద్దామని. మాకు గూడ వర్తిస్తదా?"

"ఐగుప్తుకు పోయెటోళ్లందరికి వర్తిస్తది. కూసో."

"నేనైతే ఆగేది లేదు. అది ఏమన్న గాని, పోవుడే" అన్నాడు రాజేశం. కూర్చున్నాడు గానీ కాలి బొటనవేలితో గచ్చు గీకుతూనే ఉన్నాడు.

మామ బైబిలు ఒళ్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నారు. ఈసారి నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి కనిపించింది. మూసింది ఒక కన్నే. రెండోది సందు చేసుకుని రాజేశం ముఖాన్నే చూస్తోంది. పుటలు గలగలలాడాయి. వేలు పైకి లేచింది.

రాజేశం ఆగలేకపోయాడు. "మనోహర్‌కు పడ్డకాన్నే పడ్డదా కాకా?"

"ఆన్నే పడ్డది బిడ్డా" అన్నారు మామ.

ఆయన వేలు ఇంకా గాల్లోనే ఉంది.