పన్నెండో సర్వరు ఆగేదాకా

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళకు బాధలేముంటాయని అందరూ అనుకునే ఆ రోజుల్లో, నర్సీపట్నంలో మా మేనత్త ఇంటి ముందుగదిలో మడత బల్ల వేసుకుని నా మొదటి కొలువు వెలగబెట్టేదాన్ని. ఎక్కడో దూరాన ఉన్న పన్నెండు క్లౌడు సర్వర్లను ఆపి, వాటిలో ఉన్నదానికి నకలు తీసి, ఆపైన పాతవాటిని చెరిపేసే కోడు రాయమన్నారు మా టీమ్ లీడ్. (వాటిలో ఉన్నవి ఓ ఆసుపత్రి రోగుల రక్తపరీక్షల రిపోర్టులు.) అన్నిటినీ ఆగమని చెప్పి, ఒక్క నిమిషం ఓపిక పట్టి, నకలు తీసేలా రాశాను. ఆగడానికి నిమిషం చాలదా అని నా ధీమా.

మధ్యాహ్నం భోజనం కాగానే దాన్ని నడిపాను. తెరమీద "చెరపడం మొదలు" అని పడ్డాక, ఎందుకో సర్వర్ల పట్టీ వంక చూశాను. పదకొండు ఆగాయి. పన్నెండోది ఇంకా "ఆగుతోంది" అనే ఉంది. అంటే అది రిపోర్టులు రాసుకుంటూ ఉండగానే నేను సగం నకలు తీసేశానన్నమాట! ఈలోగా ఒకటి చెరిగింది, రెండు చెరిగాయి, మూడు... కోడును ఆపడానికి రెండు మీటలు నొక్కితే చాలు. ఆ సంగతే నా బుర్రలోంచి ఎగిరిపోయింది. గబుక్కున ఛార్జరు పీకాను. బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. ఐదు. వరండాలోకి పరిగెత్తి ఇంటి మెయిన్ స్విచ్చే దించేశాను.

"ఏటే, కరెంటు కట్టీసినావేటి? ఉక్కకి సచ్చిపోతన్నాను!" అంటూ అత్త వచ్చింది.

"ఒకటి ఇంకా ఆగలేదత్తా!"

"ఏటి, రోలుగుంట బస్సా?"

కరెంటుతోపాటు వైఫై కూడా పోవడంతో కోడు ఏడో సర్వరు దగ్గర నిలిచిపోయింది. దాన్ని పూర్తిగా ఆపేసి, ఫోనులో పన్నెండోదాన్ని చూశాను. ఆగుతోంది. మళ్ళీ చూశాను. ఆగుతోంది. నా మొహం చూసి అత్తకూ భయం పట్టుకున్నట్టుంది. "ప్రభువా, అదేటో గానీ దాన్ని బేగి ఆపు తండ్రీ" అని కళ్ళు మూసుకుంది. నాలుగు నిమిషాలకు ఆగింది. దానికి మళ్ళీ మొదటినుంచీ నకలు తీశాను. రిపోర్టులన్నీ భద్రంగా ఉన్నాయి.

లీడ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నా కోడు తెరిచి మొదటినుంచి చివరిదాకా చదివారు. (ఆ కాసేపట్లో నా ఉద్యోగం మూడుసార్లు ఊడింది.) చివరికి, "ఆగమన్నావు, సరే. ఆగిందా అని అడిగావా అమ్మా?" అన్నారు, అంతే.

సాయంత్రానికల్లా కోడు మార్చాను. పది సెకన్లకోసారి ప్రతి సర్వరునూ పలకరించి, ఆగిందని రూఢి అయితేనే ముందుకు వెళ్తుంది. ఎంతకీ ఆగకపోతే ఏదీ చెరపకుండా నాకు కబురు పెడుతుంది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అయినా అన్నీ ఆగాయని చెప్పాక నేను పట్టీ తెరిచి ఒక్కొక్కదాన్నీ వేలుపెట్టి లెక్కపెడతాను. కొత్తగా చేరిన పిల్లలు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. ఒక్క నిమిషం చాలనుకున్న ఆ పిల్ల ధైర్యం గుర్తొస్తే నాకు ఇప్పటికీ భయమే, ఎక్కడో కాస్త అసూయ కూడా.